‘సీడెడ్’ శబ్దార్థ విచారము — ఆదవాని సీమ చరిత్ర

ఆంగ్లభాషనుండి మన వ్యవహారములోనికి వచ్చిన పదములు రెండు తెగలు. కొన్ని వస్తువులతో వచ్చినవి. రైలు, పోస్టు, మోటారు మున్నగునవి ఇట్టివి. వస్తువు కంటియెదుట నుండుటచే వీని యర్థమున భ్రాంతి కలుగదు. కొన్ని రాజ్యాధికారముతో వచ్చినవి. అవి ఒడంబడికలలోను దస్తావేజులలోను పుట్టి, కచేరీల ద్వారమున జనుల నోట ప్రవేశించినవి. వీనికి కనఁబడు వస్తువు లేదు గావున కాలక్రమమున అర్థము జాఱిపోయి శబ్దమాత్రము మిగులుచుండును. ‘సీడెడ్’ అను పదము అట్టివానిలో నొకటి. కర్నూలు జిల్లా పడమటి భాగమందలి ఆదవాని, ఎమ్మిగనూరు పట్టణములలో ఈ మాట వినని వారరుదు. చలనచిత్ర వ్యాపారులు తెలుగుదేశమును నైజాము, సీడెడ్, ఆంధ్ర యని మూఁడుగా విభజించి లెక్కలు చెప్పుకొనుట నేఁటికిని కలదు. ఈ మాటకు సరియైన యర్థమేమి? ఇది యే భూములకు చెల్లును? ఆదవానికి చెల్లునా? ఈ మూఁడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతును.

ముందుగా శబ్దమును చూతము. ఆంగ్లమున ‘సీడ్’ అని ఒక్క తీరుననే పలుకఁబడు మాటలు రెండు కలవు. ఎస్ అక్షరముతో మొదలగునది విత్తనమను అర్థము గలది. అది ఆ భాషకు సహజమైన ప్రాచీన పదము. సీ అక్షరముతో మొదలగునది లాటిను భాషయందలి ‘కేదెరె’ అను క్రియనుండి ఫ్రెంచి మార్గమున వచ్చినది. ఆ క్రియకు పోవుట, తొలఁగుట, చోటు విడుచుట యని యర్థములు. వెనుకకు తగ్గుటను దెలుపు ‘రిసీడ్’, కూటమినుండి విడిపోవుటను దెలుపు ‘సెసీడ్’, వాదమున ఎదుటివాని మాట నొప్పుకొనుటను దెలుపు ‘కన్‌సీడ్’ అను మాటలు దాని సంతతియే. అన్నింటియందును తొలఁగుట యను మూలార్థము నిలిచియున్నది. రాజనీతియందు ‘సీడ్’ అనఁగా, ఒక ప్రభువు ఒక భూమిపై తనకు గల ఆధిపత్యమునుండి తాను తొలఁగి, ఒడంబడిక మూలమున దానిని మఱియొక ప్రభువునకు ఒప్పగించుట. ఒప్పగింపఁబడిన భూమి ‘సీడెడ్’. ఆ కార్యమునకు ‘సెషన్’ అని పేరు. ఇక్కడను ఒక చిక్కు కలదు. న్యాయస్థానపు కూర్చుండుటను దెలుపు ‘సెషన్’ శబ్దము వేఱు. సెషన్సు కోర్టు అనునప్పుడు మన మెఱిఁగినది అదియే. ఆంగ్లలిపిలో ఈ జంటలను అక్షరములే వేఱుచేయును. మన లిపి ఉచ్చారణము ననుసరించునది గావున తెలుఁగున వ్రాసిన వెంటనే ఆ భేదము మాయమగును.

ఈ లిపిసామ్యమువలన ఆదవాని సీమయందు భ్రాంతికి మఱింత తావు కలిగినది. నల్లరేగడిలో ప్రత్తిని, ఎఱ్ఱనేలలో వేరుసెనగను విత్తు దేశమిది. ప్రత్తి వ్యాపారమునకు ఆదవాని ప్రసిద్ధికెక్కిన స్థలము. ఇట్టిచోట ‘సీడెడ్’ అనఁగా విత్తిన భూమి యని యొకఁడు చెప్పినచో వినువానికి సమంజసముగనే తోఁచును. అర్థము పొసఁగినట్లు తోఁచుటయే ఇట్టి వ్యుత్పత్తులయందలి ప్రమాదము. ఆ మాట పొలమున పుట్టినది కాదు, సంధిపత్రమున పుట్టినది.

సంధిపత్రముల భాషలో దీనికి పొరుగుననున్న మాటలు మఱి మూఁడు కలవు. యుద్ధమున గెలిచి తీసికొన్న భూమి ‘కాంకర్డ్’. దొరను తొలఁగించి యొక ప్రకటనచే కలుపుకొన్నది ‘అనెక్స్‌డ్’. ఆదాయమును అప్పునకో సైన్యవ్యయమునకో జమకట్టుకొనుటకై పాలన మప్పగించి, మూలాధిపత్యమును పూర్వప్రభువునకే నిలిపినది ‘అసైన్డ్’. కుంపిణీవారు ఈ భేదములను ఉపేక్షించినవారు కారు. ఉత్తరదేశమున అవధ్ నవాబు 1801లో విడిచిన భూములను, 1803లో మరాఠాలనుండి గెలిచిన భూములను కలిపి ‘సీడెడ్ అండ్ కాంకర్డ్’ రాష్ట్రములని జంటపేరు పెట్టిరి. నిజాముయొక్క బీరారు 1853లో వారి పాలనలోనికి వచ్చినపుడు దానికి ‘అసైన్డ్’ జిల్లాలని పేరిడిరి గాని ‘సీడెడ్’ అనలేదు. కావున ‘సీడెడ్’ అనునది మన సీమకు మాత్రమే పుట్టిన పేరు కాదు. అది యొక వ్యవహారజాతికి పేరు. చెన్నపట్టణపు కచేరీలలో విశేష్యము నిలిచిపోయి, విశేషణమే నామధేయమైనది.

ఇఁక ఆదవాని చరిత్రమును సంగ్రహముగా చూచిన గాని తరువాతి విషయము బోధపడదు. విజయనగర ప్రభువుల కాలమున ఇది గొప్ప దుర్గము. 1565లో రాక్షసితంగడి యుద్ధమైన పిమ్మట కొలఁది వత్సరములకే బిజాపురము వారి వశమైనది. వారి పక్షమున పాలించిన సిద్ది మసూద్‌ఖాను ఇచ్చటి జుమ్మా మసీదును కట్టించెను. 1688లో దుర్గము ఔరంగజేబు సేనలకు లొంగెను. మొగలాయీలు దీనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చిరి. ఆ పేరు నిలువలేదు. పిదప ఆసఫ్‌జాహీల కాలమున నిజాము అలీఖాను సోదరుఁడు బసాలత్‌జంగు దీనిని జాగీరుగా ననుభవించి, ఇచ్చటినుండియే గుంటూరు సర్కారునుగూడ ఏలెను. 1766, 1768 సంవత్సరముల ఒడంబడికలచే తక్కిన ఉత్తర సర్కారులు కుంపిణీవారికి చెందినను, గుంటూరు బసాలత్‌జంగు జీవితకాలమువఱకు ఆయనకే విడువఁబడెను. ఆయన 1782లో గతించెను. గుంటూరు 1788లో కుంపిణీ వశమయ్యెను. 1786లో టిప్పుసుల్తాను ఆదవానిని ముట్టడించి పట్టుకొని కోటగోడలను పడఁగొట్టించెను. మఱుసటి సంవత్సరపు సంధిచే దానిని నిజామునకు మఱల నిచ్చివేసెను.

ఈ చివరి వాక్యమును పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలెను. 1787 మొదలుకొని ఆదవాని నిజాముయొక్క సొంతభూమి. అది టిప్పు రాజ్యమును పంచుకొన్నప్పుడు వచ్చిన వంతు కాదు.

1795లో ఖర్దా యుద్ధమున మరాఠాలచే ఓడిన నిజాము, తన రక్షణకై కుంపిణీ సైన్యముపై నాధారపడవలసిన వాఁడయ్యెను. 1798 సెప్టెంబరు 1వ తేది ఒడంబడికచే ఆఱు పటాలముల సిపాయిలకు ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకు ఒప్పుకొనెను. 1799లో శ్రీరంగపట్టణము పడి టిప్పు మరణించెను. 1800 అక్టోబరు 12వ తేదిని హైదరాబాదున మఱియొక సంధి జరిగెను. దానిచే సైన్యము ఎనిమిది పటాలముల కాలిబలముగను, రెండు రెజిమెంటుల గుఱ్ఱపుబలముగను పెరిగెను. పెరిగిన వ్యయమునకు ఏటేట రొక్కము చెల్లించుటకు బదులుగా నిజాము భూములను విడిచెను. ఏ భూములు? 1792 మార్చి 18వ తేది శ్రీరంగపట్టణపు సంధిచేతను, 1799 జూను 22వ తేది మైసూరు సంధిచేతను తనకు లభించిన భూములన్నియు. వీనినే సంధిపత్రము శాశ్వతముగా ‘సీడ్’ చేసినట్లు చెప్పుచున్నది. ఇంతవఱకు సందియము లేదు.

అయితే ఈ రెండు సంధులలో దేనిచేతను ఆదవాని నిజామునకు రాలేదని యిదివఱకే చూచితిమి. మఱి యది కుంపిణీవారి చేతికెట్లు వచ్చినది? సమాధానము సంధిపత్రముననే, దాని తరువాతి ఖండికయందే యున్నది. విడువఁబడిన భూములలో కొప్పళము, గజేంద్రగడ మున్నగు కొన్ని తుంగభద్రకు ఉత్తరమున నుండుటచే కుంపిణీవారికి అవి సౌకర్యముగా లేవనియు, సరిహద్దు స్పష్టముగా నుండవలయుననియు, అందుచే ఆ ప్రాంతములను నిజాము మఱల తీసికొని, వానికి మాఱుగా ఆదవాని కోటను, ఆదవాని సీమను, తుంగభద్రకును, సంగమమునకు దిగువ కృష్ణకును దక్షిణమున తనకు మిగిలియున్న ఇతర భూములను ఇచ్చుననియు ఆ ఖండిక యొక్క తాత్పర్యము. అక్కడ జరిగినది ఒకదానికి మాఱుగా మఱియొకటి నిచ్చుట. అనఁగా వినిమయము. 

కావున సూక్ష్మముగా విచారించినచో, సైన్యవ్యయమునకై విడువఁబడిన భూములు వేఱు, ఆ భూములలో కొన్నింటికి మాఱుగా వచ్చిన ఆదవాని వేఱు. కడప, గుత్తి, గుఱ్ఱముకొండ మొదలగునవి మొదటి తెగ. ఆదవాని రెండవ తెగ. కుంపిణీవారికి హక్కు రెండు తెగలయందును సమానమే, ఫలమును సమానమే. కాని హక్కు పుట్టిన మార్గము వేఱు. చరిత్రకారుఁడు ఈ భేదమును విడిచినచో, ఆదవానియు టిప్పునుండి నిజామునకు వచ్చిన పంపకపు భూమియే యని అనుమానించి, పదునెనిమిదవ శతాబ్దపు చివరి పదునాలుగు వత్సరముల చరిత్రమును తాఱుమాఱు చేయవలసివచ్చును. ఒక్క ఖండికను సరిగా చదువమిచే కలుగు నష్టమిది.

ఈ వినిమయముచే తుంగభద్ర సరిహద్దయ్యెను. ఆదవానికిని ఏటికిని నడుమనున్న ఎమ్మిగనూరు, కోసిగి, నందవరము సీమలు ఒక ప్రభుత్వమునకును, అవతలి గట్టు మఱియొక ప్రభుత్వమునకును చెందెను. ఇవతల కుంపిణీ రూపాయి, అవతల హాలీ సిక్కా. ఇవతల చెన్నపట్టణపు చట్టము, అవతల హైదరాబాదు ఫర్మానా. నది పాఱుట మానలేదు. రెండు గట్టుల భాషలును మాఱలేదు. మ్యాపుపై గీత చక్కగా నుండవలెనను తలంపు ఒక దేశపు నూటయేఁబది వత్సరముల బ్రదుకును నిర్ణయించినది. ఆదవానికి మాఱుగా నిజాము వెనుకకు తీసికొన్న కొప్పళము హైదరాబాదు రాజ్యముననే యుండి, 1956 నవంబరు 1వ తేదిని మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రెండు పట్టణములును ఒకే తక్కెడలోని రెండు సిబ్బెలని నేఁడు తలఁచువారు మిక్కిలి అరుదు.

‘సీడ్’ అను క్రియచే ఏది చేతులు మాఱును, ఏది మాఱదు అను విషయమునుగూడ ఇచ్చట తేల్చుకొనవలెను. మాఱునది ఏలుబడి హక్కు. రైతు పొలము, దేవాలయపు మాన్యము, ఇనాముదారుని హక్కు సెషనుచే వానంతట నశింపవు. ఆదవాని సీమలోని మంచాల గ్రామము, అనఁగా నేఁటి మంత్రాలయము, ఇందుకు మంచి నిదర్శనము. సిద్ది మసూద్‌ఖాను ఆ గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామివారికి ఇనాముగా నిచ్చెనని ప్రసిద్ధి. స్వామివారు 1671లో అచ్చట బృందావన ప్రవేశము చేసిరి. కుంపిణీవారు వచ్చిన పిదప ఆ ఇనామును మఱల తీసికొను ప్రసక్తి కలుగఁగా, కలెక్టరు తామస్ మన్రో స్వయముగా వచ్చి బృందావనమునుండి వెడలిన పలుకులు విని దానిని నిలిపెనని ఐతిహ్యము కలదు. ఐతిహ్యమును ఐతిహ్యముగనే గ్రహింతము. కాని అది చెప్పు ధర్మసూక్ష్మము యథార్థము. మసూద్‌ఖాను ఇచ్చినది దత్తము. నిజాము విడిచినది సీడెడ్. రెండవది మొదటిదానిని తుడిచివేయదు.

మఱి జనుల మాట? సెషను ఇద్దఱు ప్రభువుల నడుమ జరుగు కార్యము. భూమిపై నున్నవారు అందు కర్తలు కారు, సాక్షులును కారు. సంధి జరిగి రెండు వత్సరములు నిండకమునుపే ఆదవాని తాలూకా తెర్నేకల్లు గ్రామస్థులు పన్నులకై వచ్చిన తహసీలుదారును చంపి, తమ కోటతలుపులు మూసికొని కుంపిణీసేన నెదిరించిరి. ఇది 1801 నాఁటి మాట. జనరల్ క్యాంబెల్ సేనతో వచ్చి ఆ గ్రామమును పట్టుకొనెను. గ్రామపెద్ద ముత్తుకూరు గౌడప్ప ఉరితీయఁబడెను. ‘ఒప్పగింత’ యను మాటలో ఒప్పుకొనుట యను భావము కలదు; ఒప్పుకొన్నవారు ఎవరో, ఒప్పుకొననివారు ఎవరో తెర్నేకల్లు కోటగోడ తెలుపుచున్నది.

పాలనము పూర్వపు జనులపై నాధారపడియే నడిచెననుటకు మఱియొక నిదర్శనము. మన్రో 1800 చివర ఈ సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు నుండెను. ఆయన క్రింద ఉపకలెక్టరులు నలుగురు. వారి విభాగములలో ఆదవాని యొకటి. రైతువారీ పద్ధతికి మూలమైన భూమికొలత 1802 జూనులో ఆదవాని గుమాస్తాలు నలుగురితో ఆరంభింపఁబడెను. ఆ కాలమున ఈ సీమయంతటిలోను భూమిని కొలువ నేర్చినవారు వారే యని మన్రో తన నివేదికయందు తెలిపియున్నాఁడు. ఆ నలుగురు నేర్పిన విద్య మెల్లఁగా ఒక సైన్యమంత కొలగాండ్రను తయారుచేసినది. ఏలుబడి ఒక కాగితముతో మాఱినది. కొలతవిద్య మాత్రము ఆదవాని గుమాస్తాల చేతిలోనే మిగిలియుండెను. అదే మన్రో పిమ్మట చెన్నపట్టణపు గవర్నరై, 1827 జూలై 6వ తేదిని ఈ ప్రాంతముననే పత్తికొండయందు కలరాతో మరణించెను.

ఇఁక రెండవ ప్రశ్న. ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అను పేర ‘డిస్ట్రిక్ట్’ శబ్దమునకు మొదట నేఁటి జిల్లా యను అర్థము లేదు, ప్రాంతమను అర్థమే. 1800లో బళ్లారి జిల్లా గాని కడప జిల్లా గాని లేవు. ఆ రెండును మన్రో వెడలిన పిదప 1808లో ఏర్పడినవి. బళ్లారినుండి 1882లో అనంతపురము చీలినది. ఈ మూఁడింటికి ‘సీడెడ్’ పేరు ముఖ్యార్థమున చెల్లును. కర్నూలు విషయము వేఱు. కర్నూలు, నందికొట్కూరు, నంద్యాల, సిరివెళ్ల సీమలు పఠాను నవాబు ఏలుబడిలో నుండెను. 1800 సంధిచే కుంపిణీవారికి చెందినది ఆ నవాబు నిజామునకు చెల్లించు పేష్‌కష్ అను కప్పము మాత్రమే, భూమి కాదు. 1839లో కుట్ర చేసెనను నెపముపై నవాబు గులాము రసూల్‌ఖానును పట్టుకొని తిరుచిరాపల్లికి పంపి, కుంపిణీవారు ఆ రాజ్యమును కలుపుకొనిరి. కాఁబట్టి కర్నూలు నగరము ‘అనెక్స్‌డ్’, ‘సీడెడ్’ కాదు. 1858లో కడపనుండి కంభము, మార్కాపురము, కోయిలకుంట్లలను, బళ్లారినుండి పత్తికొండను చేర్చి కర్నూలు జిల్లాను కల్పించిరి. అనఁగా ఒకే జిల్లాయందు రెండు విధములైన హక్కుల భూములు కలిసినవి.

చిత్తూరు జిల్లా సంగతియు నట్టిదే. అది 1911లో ఏర్పడినది. కడపనుండి వచ్చిన మదనపల్లె, వాయల్పాడు సీమలకు నిజాము సెషను మూలము. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతములు 1801లో ఆర్కాటు నవాబు ఒడంబడికచే కుంపిణీకి వచ్చినవి. వానికి నిజాముతో నిమిత్తము లేదు. బనగానపల్లె 1948 వఱకు సంస్థానముగా నిలిచినది. దీనిచే ‘సీడెడ్’, ‘రాయలసీమ’ అను రెండు పేరులును సమానార్థకములు కావని తేలుచున్నది. బళ్లారి సీడెడ్ అయ్యు నేఁడు కర్ణాటకమున నున్నది. తిరుపతి రాయలసీమయయ్యు ముఖ్యార్థమున సీడెడ్ కాదు. చలనచిత్ర వ్యాపారమున ఈ పేరు రాయలసీమకంతకును చెల్లుచున్నది, అది రూఢి. రూఢిని నిషేధింపలేము, కాని రూఢి చరిత్రమునకు ప్రమాణము కానేరదు.

తెలుఁగువారు ఈ పేరును ‘దత్తమండలములు’ అని పరివర్తించుకొనిరి. ఈ తెలుఁగుసేత ఎంత యుక్తము? సంస్కృతమున ‘దత్త’ శబ్దమునకు ‘ఇయ్యఁబడిన’ యను సామాన్యార్థమే కలదు గావున దోషము లేదని కొందఱనవచ్చును. కాని తెలుఁగింట ఆ శబ్దము వినఁబడగనే తోఁచునవి రెండే: దానము, దత్తత. ధారాదత్తము చేసెననఁగా నీళ్లు విడిచి యుచితముగా నిచ్చెనని యర్థము. 1800లో జరిగినది దానము కాదు. రొక్కమునకు బదులు చెల్లింపు. ఆదవాని విషయమున అదియును కాదు, మాఱుపిడి. దత్తత అంతకంటె కాదు. పెంచుకొనుటకై ఎవ్వరును పటాలములతో రారు.

ధర్మశాస్త్రదృష్టితో చూచినను ‘దత్త’ శబ్దము ఇచ్చట నిలువదు. నారదుఁడు దత్తాప్రదానికమను వ్యవహారపదమున ఇయ్యఁదగినది, ఇయ్యరానిది, దత్తము, అదత్తము అని నాలుగు భేదములు చెప్పెను. పరుల నిక్షేపము, పలువురకు ఉమ్మడియైన సొత్తు ఇయ్యరానివి. భయముచేత ఇచ్చినది ఇచ్చియు అదత్తమే. ఖర్దా పరాభవము, కుంపిణీ పటాలముల యొత్తిడి తెలిసినవారికి నిజాము చేతను పట్టిన కలము ఎంత స్వతంత్రమో చెప్పనక్కరలేదు. ఆంగ్లమందలి మూలక్రియ మాత్రము దాతృత్వమును సూచింపదు. అది తొలఁగుటను మాత్రమే చెప్పును. అందుచే ఈ విషయమున మూలము నిష్పక్షపాతము. తెలుఁగుసేతయే భ్రాంతికి హేతువు. ‘విడిచిన సీమలు’ అనియో ‘ఒప్పగించిన సీమలు’ అనియో యున్నచో ఆ దోషము లేకపోయెడిది. 1985లో తెలుఁగుదేశమున తాలూకాల స్థానమున మండలములు వచ్చిన పిదప ‘దత్తమండలములు’ అను పేరు మఱింత అపార్థమునకు తావిచ్చుచున్నది. నేఁటి విద్యార్థికి మండలమనఁగా కొన్ని గ్రామముల సముదాయము. నాఁటివారికి అది విశాలమైన దేశఖండము.

ఈ పేరు అవమానకరమను భావము ఈ సీమవారికి మెల్లఁగా కలిగినది. అనంతపురమున 1916లో స్థాపింపఁబడిన కళాశాలకే దత్తమండల కళాశాల యని పేరు. ఆ కళాశాలలో తెలుఁగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు, ఆంధ్రభాషాచరిత్రకారులు, 1928 నవంబరులో నంద్యాలయందు ఆంధ్రమహాసభతో కూడ జరిగిన దత్తమండలముల సభలో, ఆ పేరును విడిచి ‘రాయలసీమ’ యని పిలువవలెనని ప్రతిపాదించిరి. సభవారు అంగీకరించిరి. 1937 నాఁటి శ్రీబాగు ఒడంబడిక కాలమునకు క్రొత్తపేరు దృఢపడినది. పైన చెప్పిన విచారమును అనుసరించినచో ఒక చిత్రము కనఁబడుచున్నది: దత్తనామమును విడిచిన ఆ నంద్యాల, నవాబు ఏలుబడిలోని దగుటచే, 1800లో దత్తమే కాలేదు. అయినను ఆ తీర్మానపు విలువ తగ్గదు. ఇచ్చినవాని పేరనో, పుచ్చుకొన్నవాని పేరనో కాక, తమ చరిత్రమున తాము గౌరవించుకొను వారి పేర తమ్ము పిలుచుకొనవలెనని జనులు నిశ్చయించుకొన్న దినమది.

ఆదవాని అప్పటికి బళ్లారి జిల్లాలోనే యుండెను. 1953 అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినపుడు బళ్లారి జిల్లా చీలినది. బళ్లారి, హోసపేట మున్నగు తాలూకాలు మైసూరునకు పోయెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున నిలిచెను. వీనిలో ఆదవాని, ఆలూరు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గము అనంతపురము జిల్లాలోను చేరెను. ఎమ్మిగనూరు ఆదవానితోడనే కర్నూలు జిల్లాకు వచ్చినది. ఈ మాఱ్పును ‘సెషన్’ అనరాదు. ఇద్దఱు రాజులు తమలో తాము మార్చుకొన్నది కాదిది; ఒక దేశపు శాసనసభ చేసిన చట్టముచే, భాషను చూచి చేయఁబడిన పునర్విభజన. 1800లో నదిని చూచి గీత గీచిరి. 1953లో మనుష్యుల పలుకును చూచిరి. ఈ రెండు కార్యములకు ఒకే పదము వాడుట చారిత్రక న్యాయము కాదు.

ఎమ్మిగనూరు నేతవారి సంగతియు ఇచ్చట స్మరింపఁదగినది. 1938లో మాచాని సోమప్పగారి పూనికచే అచ్చట చేనేతవారి సహకార సంఘము ఏర్పడినది. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. కఱవుసీమయని, ఎవరో ఎవరికో విడిచిన సీమయని పేరుపడిన చోట, ఆ మగ్గములపై నేసిన బట్ట ఎమ్మిగనూరు పేరుననే దేశమునకు తెలిసినది. ఒక ఊరు తన పనిచే సంపాదించుకొన్న పేరు, సంధిపత్రము పెట్టిన పేరుకంటె శాశ్వతమని దీనివలన తెలియును.

ఇఁక ప్రయోగనిర్ణయము. నిజాము 1792, 1799 సంవత్సరములలో పొంది 1800లో విడిచిన భూములకు ‘సీడెడ్’ పదము ముఖ్యార్థమున చెల్లును. ఆదవాని, ఎమ్మిగనూరు సీమకు ఆ సంధిలో భాగమగుటచేతను, ఒకే పాలనములో కలిసినందునను ఆ పదమును వాడవచ్చును. కాని చరిత్రగ్రంథమున వ్రాయునప్పుడు వినిమయముచే వచ్చినదని విశేషించి చెప్పవలెను. కర్నూలు, నంద్యాలల విషయమున 1839కి పూర్వమునకు దీనిని ముఖ్యార్థమున వాడరాదు. తిరుపతి, చిత్తూరులకు వ్యాపారరూఢియే గాని చరిత్రార్థము లేదు. 1928కి పిమ్మటి కాలమును గూర్చి వ్రాయునప్పుడు దేశమునకు ‘రాయలసీమ’ యనియే వ్రాయుట యుచితము. తెలుఁగున వ్రాయునప్పుడు మొదటి ప్రయోగమున ‘సీడెడ్, అనఁగా ఒప్పగింపఁబడిన’ యని వివరించినచో విత్తనపు భ్రాంతి తొలఁగును.

చలనచిత్ర వ్యాపారుల విభాగములను ఈ దృష్టితో మఱల చూచినచో ఒక విశేషము తోఁచును. ‘నైజాము’, ‘సీడెడ్’ అను రెండు మాటలును ఒకే సంధిపత్రపు రెండు ముఖములు: ఒకటి విడిచినవాని పేరు, మఱియొకటి విడిచిన భూమి పేరు. ఆసఫ్‌జాహీ రాజ్యము 1948లో అంతరించినది. కుంపిణీ అంతకు చాల పూర్వమే అంతరించినది. సంధి చేసికొన్న యిద్దఱును లేరు. వారి బేరపు మాటలు మాత్రము గోడకాగితములపై నేఁటికిని నిలిచి, ‘సీడెడ్ హక్కులు’ అమ్ముడుపోవుచున్నవి. ఆ మాటను మాన్పుట సాధ్యము కాదు, అవసరమును కాదు. అది తనయందు దాఁచుకొన్న వృత్తాంతమును, అనఁగా ఎవరు, ఎవరికి, దేనికి మాఱుగా, ఎవరి నడుగకుండ విడిచిరో, ఈ సీమ బాలురు చదువుకొనఁదగియున్నది. మాట యర్థము తెలిసినవానికి ఆ పేరు అవమానము కాదు; దస్తావేజు. విజ్ఞులు దీనిని పరిశీలించి, ఇందలి నిర్ణయములను స్వీకరింతురు గాక.